రంగం సాయిబు చేసిన ఓడ

ఆ ఓడ లండన్ నుంచి వచ్చిందట!

మొన్న మా షావుకారు గారి మనవడి అన్నప్రాసనకి వెళ్లినప్పుడు నా చెవులతో నేను విన్నాను. చావట్లో కిటికీ పక్క బల్ల మీద ఆ చిన్న టేకు ఓడ ఉంది. తుని నుంచి వచ్చిన చుట్టం ఒకాయన దాని చుట్టూ తిరిగి, ముక్కు ఆనించి చూసి, "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగాడు. "లండన్ సరుకు. మనవాళ్లకి ఈ పనితనం ఎక్కడ అబ్బుతుందండీ!" అన్నారు షావుకారు గారు. నోట్లో తాంబూలం ఉంది, అయినా మాట తడబడలేదు. దొరలు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు, కచేరీ మీద జెండా మారిపోయింది, కానీ మా అనకాపల్లిలో, మా గానుగ పాకలో చేసిన ఓడ మాత్రం ఇంకా లండన్ ఓడే. నాకు ఒళ్లు మండిపోయింది.

నేనక్కడ ఏం చేశానో తర్వాత చెబుతాను. ముందు ఆ ఓడ ఎవరిదో చెప్పాలి. చేసిన మనిషి కిందటి వేసవిలో కన్నుమూశాడు. నేను చెప్పకపోతే చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆయన్ని ఊరంతా రంగం సాయిబు అనేది. రంగం అంటే రంగూన్. మా వైపు బతుకుతెరువుకి ఓడెక్కినవాళ్లు చాలామంది వెళ్లింది అక్కడికే. ఆయన కూడా కుర్రతనంలోనే వెళ్లి, అక్కడి ఓడల రేవులో వడ్రంగం చేసి, యుద్ధం వచ్చాక కొండలూ అడవులూ పడి నడిచి తిరిగొచ్చాడు. అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. ఒకసారి నేను అడిగితే, "పేరుతో నీకేటి పని? పిలిత్తే పలుకుతన్నాను కదా!" అని కసిరాడు. కసరడం ఆయనకి ఊపిరి తీసుకోవడమంత మామూలు.

పొట్టి మనిషి. కుడి భుజం కాస్త కిందికి జారి ఉండేది. చెవి వెనక బీడీ, గళ్ల లుంగీ, గోరింటాకు పెట్టిన గడ్డం. ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించేవాడు కాదు, తలుపుని పలకరించేవాడు. బొటనవేలితో చెక్కల అతుకు మీద రాసి చూసి, "తోబా తోబా! ఏ దున్నపోతు సేసేడిది?" అనేవాడు. మంచం మీద కూర్చోమంటే వంగి కోళ్లు చూసేవాడు. ఒక పెళ్లిలో అయితే పెళ్లికొడుకు కూర్చోబోయే పీటని తిరగేసి చూసి, "ఇది నెల్లాళ్లు కూడా ఉండదు" అన్నాడు. పీట సంగతే అన్నాడు, కానీ పెళ్లివారు ఇంకోలా పట్టుకున్నారు, కొట్టినంత పని చేశారు. వాళ్లనీ తిట్టాడు.

మనుషుల్ని ఇంతలా తిట్టే మనిషి చెక్కని మాత్రం బతిమాలేవాడు. అది చూడకపోతే ఆయన్ని చూసినట్టే కాదు.

ఆయన మా పాకకి రావడానికి కారణం మాకు దగ్గరి పట్నంలో, సముద్రపొడ్డున కొత్తగా పెట్టిన ఓడల కార్ఖానా. అక్కడ పెద్ద పెద్ద ఓడలు కడతారని తెలిసి వెళ్లాడు. గేటు దగ్గరే ఆపేశారు. రంగంలో పని చేశావని రుజువేమిటి, కాగితాలేవీ అన్నారు. ఈయన దగ్గర కాగితాలెక్కడివి? కాగితాలూ, పనిముట్లూ ఉన్న పెట్టె దారిలో ఏరు దాటుతుంటే కొట్టుకుపోయింది. "కాయితాలు ఏరు మింగేసింది, వెళ్లి దాన్నడగండి అన్నాను. గెంటేసేరు" అని వచ్చి మా ఆయనతో చెప్పాడు. "కాయితం లేకపోతే మానె. ఓడనే సూపిత్తాను. ఓడ సేసినోడినని ఓడని మించి ఏ కాయితం సెప్తాది?"

అదీ ఆయన పంతం. అచ్చం పెద్ద ఓడ కట్టినట్టే చిన్న ఓడ కట్టాలి. అది పట్టుకెళ్లి కార్ఖానా దొరకి చూపించాలి. మళ్లీ ఓడల మధ్య పని చేయాలి. ఈ వయసులో ఎందుకు తాతా, ఊళ్లో బళ్లకీ తలుపులకీ పని దొరకదా అని నేనంటే, "తలుపులు తెరుత్తారు, మూత్తారు. అదీ ఒక బతుకేనా వాటికి?" అన్నాడు. ఓడ పని తప్ప ఆయనకి ఏ పనీ పని కాదు.

టేకు చెక్క షావుకారు గారిచ్చారు. గిడ్డంగికి ఉండే పాత తలుపు, విరిగిపోయి మూల పడి ఉన్నది. ఊరికే ఇవ్వలేదు లెండి. "తలుపు పట్టుకెళ్లు సాయిబూ. ఓడ మాత్రం మా చావట్లో పెట్టాలి. కార్ఖానా దొర మా ఇంటికి టీకి వస్తానన్నాడు. ఓడ చూపించి, వెంటనే నిన్నూ చూపిస్తాను. పని ఇప్పించే పూచీ నాది" అన్నారు. మా ఆయన అక్కడే ఉన్నాడు, విన్నాడు. ఓడ ఆయనకి, పని ఈయనకి. ఇందులో అర్థం కానిదేముంది?

ఇక మా పాక సంగతి. శారదా నది వైపు మాకు చెరుకు తోట ఉంది. చలికాలమంతా గానుగ ఆడిస్తాం, పెద్ద పెనంలో రసం కాచి బెల్లం వండుతాం. ఒక రోజు పొద్దున్నే ఈయన వచ్చి, పెనం ముందు నిలబడి, పైకి పోతున్న ఆవిరి వంక చూసి, "ఇదంతా ఊరికే పోతంది. నాకియ్యండి" అన్నాడు. అడగడం కాదు, ఆజ్ఞ.

"ఆవిరితో ఏటి సేత్తావు మావా?" అన్నాడు మా ఆయన.

"సెక్కలు వంచుతాను. నీ బెల్లానికేటీ అవదు, కంగారు పడకు."

అలా మొదలైంది. ఓడకి ముందు వెన్నెముకలా అడుగున ఒక దూలం, దానికి పక్కటెముకల్లా వంపు కర్రలు నిలబెట్టాడు. ఆ కర్రల మీద తమలపాకు ఈనెలంత సన్నగా చీల్చి, చిత్రిక పట్టిన టేకు పట్టీలు ఒకదాని పక్కన ఒకటి పరచాలి. పట్టీ తిన్నగా ఉంటుంది, ఓడ పొట్టలా ఉంటుంది. వంగకపోతే అతుక్కోదు. అందుకని పెనం మీద రెండు వెదుళ్లు అడ్డం వేసి, వాటి మీద పట్టీలు ఆవిరికి పెట్టేవాడు. కాసేపటికి ఒకటి తీసి, తడిగుడ్డతో పట్టుకుని, వంపు కర్రల మీద మెల్లగా ఆనించేవాడు.

అప్పుడు చూడాలి ఆ మనిషిని. గొంతు మారిపోయేది. "రా బేటా... ఇంకొంచెం... అదిగదిగో, వత్తన్నావు... శభాష్!" అని దాన్ని లాలించేవాడు. మధ్యలో ఎవరైనా మాట్లాడితే తల తిప్పకుండానే నాలుగు తిట్లు తిట్టి, మళ్లీ "నిన్ను కాదురా నాన్నా, నువ్వు రా" అని పట్టీకి చెప్పేవాడు. మా పాకలో పనివాళ్లు పిప్పి ఎండేయడం మానేసి నోళ్లు తెరుచుకుని చూసేవారు. వంగిన పట్టీని చీల్చిన వెదురు ముక్కలతో నొక్కి, దారంతో కట్టి, ఆరే దాకా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను కట్టు కాస్త బిగించబోతే చేయి మీద కొట్టాడు. "బలవంతం సెయ్యకు. బలవంతం సేత్తే ఇప్పుడు ఊరుకుంటాది, నీళ్లలో ఇరుగుద్ది." నాకు చుర్రుమంది కానీ, మాట నిజమే అనిపించి ఊరుకున్నాను.

పక్క పట్టీలన్నీ చక్కగా వచ్చాయి. ఓడ ముందు కొస, ముక్కు దగ్గర వచ్చింది తంటా. అక్కడ చెక్క ఒక పక్కకి వంగితే చాలదు, వంగుతూనే మెలి తిరగాలి. ఆవిరి చాల్లేదు. పట్టీ తర్వాత పట్టీ టపుక్కున విరిగింది. ఆ రోజు ఆయన తిట్టనిది లేదు. టేకుని కాదు, తలుపు చేసినవాణ్ణి, చెట్టు నరికినవాణ్ణి, చివరికి పెనాన్నీ, మమ్మల్నీ కూడా.

మర్నాడు ఉన్నట్టుండి, "బేటీ, ఆ పాకం దగ్గర పడ్డ రసం ఒక గిన్నెడియ్యి" అన్నాడు. పాత డేగిసాలో పోసి ఇచ్చాను. పొయ్యి అంచున పెట్టి, మరుగుతున్న రసంలోకి ముక్కు పట్టీలు ముంచేశాడు.

"అదేటి తాతా! సెక్కకి పాకం పడతన్నావా?"

"నవ్వకు. నీళ్లకంటే ఇది పదునుగా కాగుద్ది. ఆరితే బిగుసుకుంటాది కూడా. వంచిన సెక్క వంచినట్టే ఉంటాది. రంగంలో ఏ మేస్త్రీకీ తెల్దు ఇది!"

నిజంగానే వంగాయి. మైనంలా మెలి తిరిగాయి. సందు లేకుండా అతుక్కున్నాయి. ముసలాయన ఆనందం చెప్పలేను. బీడీ ముట్టించి, పొగ వదలడం కూడా మర్చిపోయి చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. మా ఆయన భయపడి, ఒంట్లో బాగాలేదా మావా అని అడిగాడు.

పైన చెక్కతో మూసేసి, స్తంభాలు నిలబెట్టి, తాళ్లు కట్టాక తెలిసింది చేసిన తప్పేమిటో. ఒక పొద్దున ఓడ నిండా చీమలు! ముక్కు సందుల్లోంచి లోపలికీ బయటికీ బారులు తీరి తిరుగుతున్నాయి. పాకలో పనివాళ్లు పడి పడి నవ్వారు. ఈయన చీమల్ని బూతులు తిట్టాడు. ఎండలో పెట్టాడు, పొగ పట్టాడు. కడిగేద్దాం తాతా అంటే, "కడిగితే పట్టు ఇడిసిపోద్ది, వంపు ఇప్పుకుంటాది" అని తల పట్టుకున్నాడు. పైన వార్నీషు పూశాడు గానీ లోపలికి చెయ్యి పట్టదు. ఎండగా ఉన్నన్నాళ్లు బాగానే ఉండేది, గాలి చెమ్మ పడితే మళ్లీ చీమలు. చివరికి మేం వంటింట్లో బెల్లం బీరువాకి చేసినట్టే చేశాం. ఓడ పెట్టిన బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాం.

"ఇది బయట సెప్పేవో, సంపేత్తాను" అన్నాడు నాతో.

దొర టీకి వచ్చిన రోజు షావుకారు గారి ఇంట్లో పనికి సాయంగా నన్నూ పిలిచారు. నేను లోపలి గుమ్మంలో తలుపు చాటున ఉన్నాను. సాయిబు వీధి అరుగు మీద కూర్చున్నాడు. ఎవరిదో కోటు అరువు తెచ్చుకుని వేసుకున్నాడు, చేతులు పొడుగైపోయి వేళ్లే కనబడుతున్నాయి. పిలవగానే రావాలని లేచి కూర్చోవడం, కూర్చుని లేవడం. ఆ వేళ వీధి తలుపుని కూడా పలకరించలేదు.

దొర వచ్చాడు. టీ తాగాడు. ఓడ దగ్గరకి వెళ్లి, వంగి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తెలిసిన మనిషి కదా, ఎక్కడ చూడాలో అక్కడే చూశాడు. కళ్లు పెద్దవి చేసి ఏదో అడిగాడు. నాకు ఇంగ్లీషు రాదు. కానీ షావుకారు గారు నవ్వుతూ చెప్పిన జవాబులో ఒక మాట నాకూ తెలుసు. లండన్!

ఎందుకు చెప్పారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆయనకి సాయిబు మీద పగ లేదు. పని ఇప్పించకూడదని ముందే అనుకున్నారనీ నేననను. దొర అంత మెచ్చుకునేసరికి, గిడ్డంగి తలుపుతో ఊళ్లో సాయిబు చేశాడని చెప్పడం ఆయనకి తక్కువనిపించి ఉంటుంది. లండన్ నుంచి తెప్పించుకున్న షావుకారు అనిపించుకోవాలని ఆ క్షణాన సరదా పుట్టింది. ఆ ఒక్క పూట డాబు కోసం ఒక మనిషి బతుకు తీసి పక్కన పారేశారు! పగతో చేసినా నాకింత కోపం వచ్చేది కాదు.

నేను ఆగలేదు. గుమ్మం దాటి చావట్లోకి వచ్చేశాను. "లండన్ ఏటండీ లండన్! మా పెనం మీద వంచిన సెక్కలవి! సేసినాయన ఆ అరుగు మీద కూకున్నాడు, పిలవండి!" అని గట్టిగానే అన్నాను. దొర నా వంక చూసి, షావుకారు గారిని ఏదో అడిగాడు. ఆయన తొణక్కుండా ఏదో చెప్పారు. దొర నాకేసి తిరిగి చిరునవ్వు నవ్వి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, చాలు చాలు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంకొంచెం ఫలహారం పెట్టమంటారా అని అడుగుతున్నానని చెప్పారన్నమాట!

ఈలోగా సాయిబు గుమ్మంలోకి వచ్చాడు. రేవుల్లో బతికినవాడు, ఇంగ్లీషు తెలుసు. అంతా విన్నాడు. నిటారుగా నిలబడి, "మై షిప్, సార్. ఐ మేక్" అన్నాడు. షావుకారు గారు అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టి, కణత దగ్గర వేలు తిప్పి చూపించారు. ఆయన ఇంగ్లీషులో నాకు తెలిసిన మాట ఒకటే, రంగూన్. అప్పట్లో రంగం నుంచి నడిచొచ్చినవాళ్లకి మతి చలించిందంటే నమ్మనివాళ్లు లేరు. దొరా నమ్మాడు. జాలిపడ్డాడు కూడా. జేబులోంచి ఒక సిగరెట్టు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

సాయిబు ఆ సిగరెట్టు చూశాడు. ఓడ పక్కన బల్ల మీద పెట్టేశాడు. అరువు కోటు విప్పి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నేను వెనక పడి బజారు మలుపులో అందుకున్నాను. "రసంలో ముంచి వంచేనని సెప్పకపోయేవా! లోపల సూడమంటే, వాసన సూసినా తెలిసిపోయేది కదా దొరకి!" అన్నాను. ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. "ఓడ సెక్కని సెరుకు రసంలో ముంచేనని ఓడల దొరకి నా నోటితో సెప్పాలా? నన్ను వడ్రంగి అంటాడా, మిఠాయిలోడంటాడా? పిచ్చోణ్ణని వెళ్లేడు, అదే నయం!"

అంత పౌరుషం దేనికి! తన ఓడ అని చెప్పడానికి ఉన్న ఒకే ఒక్క గుర్తు అది. అదే ఆయనకి సిగ్గు. తర్వాత కార్ఖానా గేటు దాకా వెళ్లి వస్తూ ఉండేవాడని మా ఆయన చెప్పేవాడు. లోపలికి ఎప్పుడూ రానివ్వలేదు. బెల్లం బుట్టలు దించే బళ్లకి ఇరుసులు చెక్కుతూ, బళ్లవాళ్లని తిడుతూ మిగిలిన రోజులు గడిపాడు. మా పాకకి మళ్లీ రాలేదు.

ఇప్పుడు మొన్నటి సంగతి. లండన్ అన్న మాట వినగానే నా చూపు బల్ల కాళ్ల మీదికి పోయింది. నాలుగు కాళ్ల కిందా నాలుగు నీళ్ల గిన్నెలు! మెరిసే ఇత్తడివి.

"ఈ గిన్నెలు దేనికండీ?" అన్నాను.

"పాత ఇల్లు కదా, చీమలు" అన్నారు షావుకారు గారు.

"మరి ఆ పక్క బల్లకి లేవేటి? పళ్లూ పూలూ దాని మీదున్నాయి కదా! తినేవన్నీ అక్కడుంటే, చీమలు ఓడ కోసం వత్తాయా? లండన్‌లో ఓడలు బెల్లంతో సేత్తారా?"

ఆయన మొహంలో రంగు మారింది. చీమలు ఆ ఓడకే ఎందుకు పడుతున్నాయో తెలియకుండానే ఇన్నాళ్లూ గిన్నెలు పెట్టించుకున్నారన్నమాట. నేను ఇంక ఎవరి మొహమూ చూడలేదు. నాలుగు గిన్నెలూ తీసి, కిటికీలోంచి నీళ్లు పారబోసి, బోర్లించి పెట్టాను. "మీరు బోజనాలు కానీండి. చీమల్నీ రానీండి" అన్నాను. శుభకార్యంలో ఈ గొడవేమిటని నలుగురూ గొణిగారు. గొణగనీ. వర్షాకాలం, గాలినిండా చెమ్మ.

విస్తళ్లు ఎత్తేసరికి వచ్చాయి. బల్ల కాలి మీదుగా ఎక్కి, ఓడ ముక్కు దగ్గర ఆ రెండు పట్టీల సందులోకి బారు కట్టి పోతున్నాయి. బెల్లం ఊరివాళ్లకి చీమల సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తుని చుట్టం వంగి, ఓడ ముక్కు దగ్గర వాసన చూసి, వెనక్కి జరిగాడు. షావుకారు గారు తమలపాకుల పళ్లెం వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయారు.

నేను అంతా చెప్పాను. పెనం, ఆవిరి, దొర, సిగరెట్టు, అన్నీ. ఆ తుని ఆయన నిలబడి విన్నాడు, చాలా మర్యాదస్తుడు. ఆఖరికి, "ఎంత పనివాడమ్మా! పేరేమిటి ఆయన పేరు?" అని అడిగాడు.

"రంగం సాయిబు" అన్నాను.

"అది ఊరు పెట్టిన పేరు కదమ్మా. ఆయన పేరు?"

అందరూ నా వంకే చూస్తున్నారు. పేరుతో నీకేటి పని, పిలిత్తే పలుకుతన్నాను కదా అన్నాడు ఆ ముసలాయన. ఆ మాట అన్న మనిషి మీద ఆ పూట నాకు వచ్చినంత కోపం షావుకారు మీద కూడా రాలేదు.